స్వస్థత జరిగిందన్నాక టెస్టు చేయించుకుంటే అవిశ్వాసమా?

పోయిన సంచికలో ఒకరు "ప్రార్థనలో నయమైందని చెప్పాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా?" అని అడిగితే, "వెళ్ళొచ్చు కాదు, వెళ్ళాలి" అని ఒక్క ముక్కలో జవాబు రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కకే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు నన్ను అవిశ్వాసి అన్నారు. కొందరు అటువైపు నుంచి తగులుకుని "ఈ రోజుల్లో అద్భుతాలేమిటండీ, అవి అపొస్తలులతోనే సరి" అన్నారు. నేను లోలోపల కేథలిక్కునని ఒకాయన కనిపెట్టారు, పెంతెకొస్తు వాళ్ళ వైపు జారిపోయానని ఇంకొకాయన బాధపడ్డారు. ఇద్దరూ చదివింది అదే ఒక్క వాక్యం! అందుకని ఈసారి కాలమ్ మొత్తం దీనికే.

ప్రశ్న: మా అమ్మకు చాలా ఏళ్ళుగా షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. స్వస్థత కూటంలో పాస్టరుగారు తలమీద చెయ్యి వేసి ప్రార్థించి, "నయమైపోయింది, ఇక సూది ముట్టుకుంటే నీ స్వస్థత నువ్వే పోగొట్టుకున్నట్టు" అన్నారట. నాలుగు రోజులుగా సూది వేసుకోవట్లేదు. కనీసం షుగర్ చూద్దామంటే "దేవుణ్ణి పరీక్షిస్తావా" అంటోంది. నేను ఇంకా మా పాత సంఘంలోనే ఉన్నాను, పుస్తకం చూసి ప్రార్థనలు చదివే సంఘం. అందుకని నేనేం చెప్పినా కూతురు చెప్పినట్టు కాకుండా వేరే సంఘం మనిషి చెప్పినట్టు వినిపిస్తోంది ఆమెకు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను, ఇప్పుడు రాస్తున్నది మిగతావాళ్ళ కోసం. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి దాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే, ముఖ్యంగా ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ తయారుకాని వాళ్ళయితే, రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, ఆయాసం, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ముందు డాక్టరు, వేదాంతం తర్వాత.

ఇక వేదాంతం. పదిమంది కుష్ఠరోగులు యేసుప్రభువును కేకవేసి పిలిచినప్పుడు ఆయన వాళ్ళతో అన్న మాట ఏమిటి? వెళ్ళి యాజకులకు చూపించుకోండి అని. లూకా 17లో ఉంది. యాజకుడికి చూపించుకోవడమంటే దండం పెట్టి రావడం కాదు, లేవీయకాండం 14లో రాసిన ప్రకారం అతను చర్మాన్ని పరీక్షగా చూడాలి, ఆ తర్వాత కూడా ఆ మనిషి ఏడు రోజులు తన గుడారం బయట ఉండాలి, మళ్ళీ కడుక్కోవాలి, అప్పుడుగానీ లెక్క తేలదు. అంటే స్వస్థత ఇచ్చినాయనే టెస్టుకి కూడా పంపించాడు. జబ్బుపడిన యూదా రాజు హిజ్కియా సంగతి చూడండి, ఇంకో 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని దేవుడు ప్రవక్త ద్వారా మాట ఇచ్చేశాడు, అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మాట ఇచ్చాక మందెందుకు అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఒక చిట్కా. అమ్మతో "అది అబద్ధం" అని వాదనకు దిగకండి, గెలవరు. "సాక్ష్యం చెప్పేటప్పుడు రీడింగు కూడా చూపిస్తే ఎవరూ కాదనలేరు కదమ్మా, చూద్దాం రా" అనండి. రీడింగు బాగుంటే డాక్టరే డోసు తగ్గిస్తాడు, ఆయనకేం కోపం ఉండదు. బాగుండకపోతే ఆ పాస్టరుగారి దగ్గరికి మీరూ వెళ్ళి, సూది మానమన్న మాట వెనక్కి తీసుకోమని అడగండి, అమ్మ ఎదురుగానే. ఆ మాట ఆయన నోటినుంచి రావాలి, మీ నోటినుంచి వస్తే పనిచేయదు.

నేను ఈ విషయంలో ఇంత ఖరాఖండిగా ఎందుకున్నానంటే, చాలా కాలం కింద ఒక కూటం అయిపోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చోట నిలబడి ఉన్నాను. గంట క్రితం స్టేజీ మీద ఒకాయన చంకకర్ర విసిరేసి నాలుగడుగులు వేశాడు, జనం అరుపులు, బాజాలు, అంతా అయింది. ఇప్పుడు ఆయన ఒక కుర్చీ పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. పదేళ్ళ కొడుకు స్టేజీ వెనక వైర్ల మధ్య ఆ కర్ర కోసం వెతుకుతున్నాడు. బండి దాకా నడవాలి కదా మరి. కర్ర దొరికింది, పిల్లవాడు దాని మీది దుమ్ము చొక్కాతో తుడిచి ఇచ్చాడు. మైకు దగ్గరున్న వాళ్ళెవరూ అటు చూడలేదు. దేవుడు స్వస్థపరచడని ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఆ కర్ర వెతికే పని పెద్దలు చేయాల్సింది కదా అనిపించింది, అంతే.

ప్రశ్న: మాది "బైబిలు మాత్రమే" అనే సంఘం. పారంపర్యాచారం దేవుని వాక్యాన్ని కొట్టివేస్తుందని ప్రభువే చెప్పాడు (మత్తయి 15). అయినా మీరు పాత సంఘాల ఆచారాలను ఎందుకు వెనకేసుకొస్తారు?

జవాబు: తమ్ముడూ, మత్తయి 15 నేనూ ఒప్పుకుంటాను. చేతులు కడుక్కోలేదని గోల చేసిన పరిసయ్యులు (ధర్మశాస్త్రం తు.చ. తప్పకుండా పాటించాలనే యూదు వర్గం), దేవుడికి అర్పితమని చెప్పి అమ్మానాన్నలకు పెట్టాల్సింది ఎగ్గొట్టేవాళ్ళకు దారి చూపించారు. ఆ ఆచారం కొట్టేయాల్సిందే.

కానీ మన తెలుగు బైబిల్లో ఒక తమాషా ఉంది, ఎప్పుడైనా గమనించారా? గ్రీకులో "పరాదోసిస్" అని ఒకే మాట. పరిసయ్యుల దగ్గర, కొలొస్సయులు 2:8లో అది వస్తే మనవాళ్ళు "పారంపర్యాచారము" అన్నారు. అదే మాట పౌలు మెచ్చుకుంటూ వాడితే 1 కొరింథీయులు 11:2లో "కట్టడలు" అయింది, 2 థెస్సలొనీకయులు 2:15లో "విధులు" అయింది. ఆ రెండో చోట పౌలు "నోటిమాటవలననైనను పత్రికవలననైనను" బోధించినవి పట్టుకోండి అంటున్నాడు. అంటే నోటిమాటగా అందినవీ ఉన్నాయి. చెడ్డదైతే ఒక పేరు, మంచిదైతే ఇంకో పేరు పెట్టేసరికి, తెలుగులో చదివినవాడికి పారంపర్యం అనగానే తిట్టులా వినిపిస్తుంది. అనువాదకులను తప్పుపట్టట్లేదు, సందర్భాన్ని బట్టి మాట మార్చారు. కానీ మన వాదనల్లో సగం ఆ మాట మార్పిడి మీదే నిలబడ్డాయి.

1521లో వోర్మ్స్ సభలో, ప్రొటెస్టెంటు సంస్కరణకు నాంది పలికిన లూథరు, లేఖనంతోనో స్పష్టమైన హేతువుతోనో ఒప్పిస్తే తప్ప తగ్గను, పోపులూ సభలూ పొరబడ్డారు అన్నాడు. 1546లో కేథలిక్కుల ట్రెంట్ సభ లేఖనాన్నీ, రాతలో లేని అపొస్తలిక పారంపర్యాన్నీ సమానమైన భక్తితో స్వీకరిస్తాం అంది. అయిదు వందల ఏళ్ళ తగవు, నేను ఒక పేజీలో తీర్చేది కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. కొత్త నిబంధనలో 27 పుస్తకాలే ఉండాలని ఏ పుస్తకంలో ఉంది? ఇప్పుడున్న 27ను అవే అంటూ పట్టికగా మనకు కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన పండుగ ఉత్తరంలో. ఒక బిషప్ ఉత్తరం!

ఇంకో సంగతి చెబితే మీకు కోపం రావచ్చు. స్వస్థత కూటాల గోడల మీద ఎక్కువగా కనిపించే వచనం మార్కు 16:18, రోగుల మీద చేతులుంచితే స్వస్థత పొందుతారు అనేది. మార్కు 16లో 9 నుంచి 20 దాకా ఉన్న భాగం సైనాయ్, వాటికన్ ప్రతుల్లో లేదు, నాలుగో శతాబ్దానివి అవి, మనకున్న పాత ప్రతుల్లో పేరున్నవి. మార్కు రాసింది కాదు, తర్వాత చేరింది అనే పండితులే ఎక్కువ. మరి అది బైబిల్లో ఎందుకు ఉంది? సంఘం తరతరాలుగా చదువుకుంటూ వచ్చింది కాబట్టి. రెండో శతాబ్దం చివర్లో ఐరేనియస్ అనే బిషప్ అందులోంచి ఒక వచనం ఎత్తి రాశాడు కూడా. పారంపర్యం వద్దు, స్వస్థత కావాలి అనేవాళ్ళు పట్టుకున్న వచనాన్ని వాళ్ళ చేతిలో పెట్టింది పారంపర్యమే. మీటింగు చివర కళ్ళు మూసుకుని "ముందుకు రండి" అని పిలిచే పద్ధతి పౌలు కాలంనాటిది అనుకుంటున్నారేమో, అది 19వ శతాబ్దపు అమెరికా ఉజ్జీవ కూటాల్లో బలపడిన అలవాటు. మంచిదా చెడ్డదా వేరే సంగతి, అదీ ఆచారమే.

ప్రశ్న: అద్భుతాలు అపొస్తలులతో ఆగిపోయాయని మా పాస్టరు, ఆగలేదని మా బావ. ఇంట్లో భోజనాల దగ్గర ఇదే గొడవ. తేల్చండి.

జవాబు: తేల్చను, కానీ మీ ఇద్దరికీ ఒక మనిషిని పరిచయం చేస్తాను. అగస్టీన్, ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే ఊరికి బిషప్ అయినాయన. 390 ప్రాంతంలో రాసిన ఒక పుస్తకంలో ఆయన అచ్చంగా మీ పాస్టరుగారిలాగే మాట్లాడాడు. సంఘం లోకమంతా పాతుకుపోయింది, ఇక కనిపించే అద్భుతాలు అక్కర్లేదు, అవే ఉంటే మనుషులు ఎప్పుడూ కళ్ళకు కనిపించేదే కోరుకుంటారు అని. ముసలితనంలో తన పుస్తకాలన్నీ తిరగేసి దిద్దుకుంటూ, ఆ మాట దగ్గర ఆగి, అద్భుతాలు అసలే జరగవు అన్నట్టు తీసుకోకండి అని సవరణ రాసుకున్నాడు. "దేవుని పట్టణం" 22వ భాగంలోనైతే తనకు తెలిసినవి వరసగా చెప్పుకుపోతాడు.

అందులో ఒకటి ఆయన కళ్ళారా చూసింది. కార్తేజ్‌లో ఇన్నొసెంటియస్ అని ఒక మాజీ న్యాయవాది, పేగు చివర లూటీలు (ఫిస్టులాలు). వైద్యులు కోశారు, ఒకటి లోపల దాగి మిగిలిపోయింది, మళ్ళీ కోయాలన్నారు. మత్తుమందు లేని రోజులు. మొదటి కోత నొప్పి గుర్తున్న ఆ మనిషి కోతకు ముందురోజు రాత్రి నేలమీద పడి ఒళ్ళంతా కుదిపేసేలా ఏడుస్తూ ప్రార్థిస్తుంటే, మిగతావాళ్ళు ప్రార్థించగలిగారో లేదో నాకు తెలియదు, నేను మాత్రం ప్రార్థించలేకపోయాను అంటాడు అగస్టీన్. ఇలాంటి ప్రార్థన వినకపోతే ఇంకేం వింటావు ప్రభూ అని ఒక్క మాట మనసులో అనుకున్నాడట, అంతే. తెల్లారి వైద్యులు కత్తులతో వచ్చి కట్టు విప్పి వెతికితే గట్టిగా మానిపోయిన మచ్చ మాత్రమే కనిపించింది. బిషప్ అయ్యాక ఆయన హిప్పోలో ఇలాంటివి కాగితం మీద రాయించి సంఘంలో చదివించడం మొదలుపెట్టాడు, రెండేళ్ళు కూడా తిరగకుండా దాదాపు 70 పోగయ్యాయి.

మీ పాస్టరుగారికీ పెద్దలు లేకపోలేదు. అదే కాలంలో తూర్పున పేరున్న ప్రసంగీకుడు క్రిసోస్టమ్, కొరింథు పత్రిక మీద ప్రసంగిస్తూ, ఈ వరాలు అప్పట్లో ఉండేవి ఇప్పుడు లేవు కాబట్టే ఈ అధ్యాయం మనకు అర్థం కాదు అన్నాడు. అసలు ఈ "ఆగిపోయాయి" వాదం పదునెక్కింది మాత్రం సంస్కరణ గొడవల్లో. మా దగ్గర పరిశుద్ధుల అద్భుతాలున్నాయి, మీ దగ్గర ఏవి అని కేథలిక్కులు నిలదీశారు. 1536లో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ తన గ్రంథం ముందుమాటలో, మేం కొత్త సువార్త తేలేదు, పాతదే చెబుతున్నాం, దానికి ముద్రపడిన అద్భుతాలు పాతవే చాలు అని జవాబిచ్చాడు. 1918లో అమెరికన్ వేదాంతి వార్‌ఫీల్డ్ దాన్ని ఒక పుస్తకంగా కట్టాడు. అప్పటికి 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూటాలతో పెంతెకొస్తు ఉద్యమం ఊపందుకుని పన్నెండేళ్ళు. కాబట్టి మీ పాస్టరుగారి మాట నాలుగు వందల ఏళ్ళకు పైబడ్డ ఆచారం, మీ బావగారిది నూరేళ్ళు దాటిన ఆచారం. ఇద్దరూ మాది బైబిలే అంటారు!

నా మాట అడిగితే, ఆగిపోయాయని ఖాయంగా చెప్పే వచనం నాకు కనబడలేదు. 1 కొరింథీయులు 13లో "పూర్ణమైనది వచ్చినప్పుడు" వరాలు ఆగిపోతాయని ఉన్నది బైబిలు పూర్తికావడం గురించే అనేవాళ్ళున్నారు, కానీ అక్కడ ముఖాముఖిగా చూస్తాం అని ఉంది, అది పుస్తకం గురించి చెప్పినట్టు లేదు. అలాగని నెలకో కూటం తారీఖు వేసి, అద్భుతం టైము కూడా పోస్టరు మీద అచ్చువేసే పద్ధతి కూడా నాకు ఏ వచనంలోనూ కనబడలేదు.

ప్రశ్న: లూర్దు (ఫ్రాన్సులో 1858లో మరియమ్మ దర్శనమిచ్చిందని నమ్మే ఊరు) నీళ్ళు తెచ్చుకుని తాగేవాళ్ళది మూఢనమ్మకం కదా?

జవాబు: బైబిల్లోనే ఎలీషా ప్రవక్త ఎముకలు తగిలి శవం లేచింది, పౌలు చేతిగుడ్డలు తీసుకెళ్ళి రోగులకు వేశారు. టీవీలో ప్రార్థించిన నూనె సీసా మీ ఇంట్లో ఉంటే మాత్రం ఆ నీళ్ళు తాగేవాళ్ళ జోలికి వెళ్ళకండి.

లూర్దులో 1883 నుంచి వైద్యుల కార్యాలయం ఉంది. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, ఉన్నట్టుండి పూర్తిగా తగ్గాలి, తిరగబెట్టకూడదు, చేసిన వైద్యం దానికి కారణం అయ్యుండకూడదు. ఏళ్ళ తరబడి చూసి, వైద్యం వివరించలేదని డాక్టర్లు చెప్పాక, అద్భుతమో కాదో ఆ మనిషి సొంత బిషప్ ప్రకటించాలి. 1858 నుంచి 2018 దాకా అలా ఒప్పుకున్నవి 70. వచ్చిన దావాలు ఏడు వేలకు పైనే. మీకు మరియమ్మ దర్శనం మీద నమ్మకం లేకపోవచ్చు, నాకూ కొన్ని పేచీలున్నాయి. కానీ కాదు, ఇది చాలదు అని అన్నిసార్లు చెప్పగలిగిన ఓపిక మాత్రం నాకు నచ్చుతుంది. స్వస్థత ప్రార్థనల్లో పూనకం లాంటిదీ నాటకీయతా ఉండకూడదని 2000లో వాటికన్ రాతపూర్వకంగా చెప్పింది కూడా.

ప్రశ్న: ప్రార్థనతో రోగం తగ్గుతుందని సైన్సు రుజువు చేసిందా?

జవాబు: లేదు. 2006లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో 1802 మంది గుండె బైపాస్ రోగులను మూడు గుంపులు చేశారు. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో తేడా ఏమీ లేదు. మీకోసం ప్రార్థిస్తున్నారు అని చెప్పినవాళ్ళలోనైతే ఇబ్బందులు కాస్త ఎక్కువ, 59 శాతం. బహుశా టెన్షన్ కావచ్చు, "అంత సీరియస్సా నాది" అని. దేవుణ్ణి ప్రయోగశాలలో కూర్చోబెట్టలేం అంటారా, సరే, ఒప్పుకుంటాను. అప్పుడు "సైన్సే నిరూపించింది" అని ప్రసంగాల్లో చెప్పడం కూడా మానేయాలి.

ప్రశ్న: యాకోబు 5:14 ప్రకారం నూనె రాయడానికి ఫాదరే కావాలా, ఎవరైనా రాయొచ్చా?

జవాబు: వచనంలో ఉన్నది "సంఘపు పెద్దలు". కేథలిక్కులూ ఆర్థడాక్సులూ అది గురువులే అంటారు. పశ్చిమాన ఈ నూనె క్రమంగా చనిపోయేముందు ఇచ్చే ఆఖరి సంస్కారం అయిపోయింది, ఫాదరు నూనె సీసాతో వస్తే ఇంట్లోవాళ్ళు గొల్లుమనే పరిస్థితి. 1963లో రెండో వాటికన్ సభ దాన్ని "రోగుల అభ్యంగనం" అనడమే సరి, ప్రాణం పోయే ఘడియ దాకా ఆగక్కర్లేదు అంది. కాల్విన్ ఏమో స్వస్థత వరమే ఆగిపోయాక ఆ నూనె ఉత్త వేషం అన్నాడు. ఒకే వచనం చూడండి, ఒకరికి సంస్కారం, ఒకరికి ముగిసిన కథ, ఇంకొకరికి ప్రతి శుక్రవారం కూటం. నేను గమనించింది ఒక్కటే, అక్కడ రోగి వేదిక ఎక్కడు. పిలిపిస్తే పెద్దలే మంచం దగ్గరికి వస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి పంతొమ్మిదేళ్ళకే కేన్సరుతో పోయాడు. వైద్యం మానలేదు, ఉపవాసాలూ మానలేదు. మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలలేదు అన్నారు ఒకరు. అప్పట్నుంచి ఆ "ఎవరో" నేనేనేమో అని నిద్రపట్టదు. వాడికోసం ఇప్పుడు ప్రార్థించొచ్చా అని అడిగితే మా సంఘంలో కూడదన్నారు.

జవాబు: అమ్మా, యోహాను 5లో ముప్పై ఎనిమిదేళ్ళు పడి ఉన్న మనిషికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. నాయీను ఊళ్ళో విధవరాలు అడగనేలేదు, అయినా చనిపోయిన ఆమె కొడుకును ప్రభువు లేపాడు. మార్కు 9లో ఆ తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడు, సగం సగం విశ్వాసం, అయినా కొడుకు బాగయ్యాడు. అటువైపు పౌలు, ఎందరినో స్వస్థపరిచినవాడు, త్రోఫిము రోగియైనందున అతన్ని మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి చివర్లో రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఎక్కడా రాయలేదు. మీతో ఆ మాట అన్నవాళ్ళకు ఈ నాలుగు చోట్లు చూపించండి, ఓపిక ఉంటేనే. లేకపోతే వాళ్ళను తప్పించుకు తిరగండి, పాపమేమీ కాదు.

రెండో సంగతి. పోయినవాళ్ళ కోసం ప్రార్థించడం పాత సంఘాల్లో ఉంది, ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావరకు లేదు, పోయినవాళ్ళ కోసం ప్రార్థించిన సంగతి ఉన్న మక్కబీయుల రెండో గ్రంథం లేఖనమా కాదా అనే దగ్గర ఆ తగవు మొదలవుతుంది. అగస్టీన్ తల్లి మోనికా చనిపోయేముందు, నన్ను ఎక్కడ పాతిపెట్టినా సరే, బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి చాలు అంది. మీ ఉత్తరంలో అబ్బాయి పేరు మూడుసార్లు రాశారు, మూడోసారి సిరా అలుక్కుపోయింది. ఈ ఆదివారం నేనూ ఆ పేరు తలుచుకుంటాను. అది ఏ లెక్కలోకి వస్తుందని మా పాస్టరుగారు అడిగితే అప్పుడు చూద్దాం.